కాలదోషము పట్టిన పశ్చాత్తాపము

అప్పిచ్చినవారికిని అప్పు తెచ్చినవారికిని బాగుగా తెలిసిన న్యాయసూత్ర మొకటి కలదు. ప్రామిసరీ నోటు వ్రాసియిచ్చిన బాకీదారుడు మూడు సంవత్సరములలోగా నోటు వెనుక చెల్లు వేసినను, బాకీ యున్నమాట నిజమని వ్రాతమూలమున ఒప్పుకొనినను, గడువు మరల మొదలగును. గడువు దాటిన మఱునాడు అదే మనుష్యుడు రచ్చబండ యొద్ద నిలువబడి, తాను బాకీపడిన మాట నిజమే యనియు, ఎగవేసితి ననియు, అందులకు మనస్సు బాధించుచున్న దనియు పదిమంది యెదుట కన్నీరు కార్చినను, ఆ మాటకు న్యాయస్థానమున విలువ లేదు. అతడు పలికినది నిజమే. కాని ఆ నిజము పలికినందువలన అతనికి దమ్మిడీ నష్టము లేదు. గడువు దాటినది గనుకనే అంత ధారాళముగా పలుకగలిగెను.

మాజీ మంత్రులును మాజీ అధికారులును తాము నడపిన యుద్ధములను గూర్చి వృద్ధాప్యమున వ్రాయు స్మృతిగ్రంథములను చదివినప్పుడెల్ల మాకు ఈ కాలదోషము పట్టిన నోటు జ్ఞప్తికి వచ్చుచుండును. పదవిలో నున్నంతకాలము వీరు యుద్ధము న్యాయమనిరి, అనివార్యమనిరి, విజయము కూతవేటు దూరమున నున్నదనిరి. పదవి ముగిసి, పింఛను కుదిరి, చచ్చినవారి తల్లిదండ్రులు సైతము చాలవఱకు కాలధర్మము నొందిన పిమ్మట, తమకు ఆనాడే సందేహము కలిగెనని గ్రంథము ప్రకటింతురు. ఆ గ్రంథమును మనమెట్లు చదువవలయును? నిజము పలికినందులకు మెచ్చవలయునా? ఆలసించినందులకు నిందింపవలయునా? ఇది దూరదేశపు ముచ్చట గదా యని త్రోసివేయదగిన ప్రశ్న కాదు. ఎందువలన కాదో తుదకు మనవి చేసెదము. ముందుగా ఇట్టి గ్రంథములలో మిక్కిలి ప్రసిద్ధమైన దానిని పరిశీలింతము.

రాబర్ట్ మక్నమారా 1961 జనవరి మొదలు 1968 ఫిబ్రవరి తుదివఱకు అమెరికా సంయుక్తరాష్ట్రముల రక్షణమంత్రి. అంతకుముందు ఫోర్డు మోటారు కంపెనీకి అధ్యక్షుడు. లెక్కలయందు అసమానమైన ప్రజ్ఞ గలవాడని పేరుపొందినవాడు. వియత్నాము యుద్ధమును సైతము ఆయన జమాఖర్చు పుస్తకమువలె చూచెను. ఎన్ని విమానములు లేచినవి, ఎన్ని బాంబులు పడినవి, శత్రువుల పీనుగులు ఎన్ని లెక్కకు వచ్చినవి యన్నదే విజయమునకు కొలత యయ్యెను. దానిని "మక్నమారా యుద్ధము" అని ప్రత్యర్థులు ఎత్తిపొడువగా, 1964లో ఆయన కించపడక, ఆ యుద్ధముతో తన పేరు ముడిపడుట తనకు సంతోషమే యని విలేఖరులతో చెప్పెను.

ఆ సంవత్సరమే ఆగస్టు 2వ తేదీన టాంకిన్ సింధుశాఖలో మాడాక్సు అను అమెరికా యుద్ధనౌకపై ఉత్తర వియత్నాము పడవలు దాడి చేసెను. 4వ తేదీ రాత్రి రెండవ దాడి జరిగెనని వార్త వచ్చెను. ఆ రెండవ దాడి జరుగనే లేదని తరువాతి పరిశోధనలు తేల్చినవి. ఆ వార్తను శాసనసభ్యుల యెదుట నిస్సందేహముగా నిలువబెట్టినవారిలో మక్నమారాయే ముఖ్యుడు. 7వ తేదీన ప్రతినిధిసభ 416 వోట్లతో, ఒక్క వ్యతిరేకపు వోటైనను లేక, సెనేటు 88కి 2 వోట్లతో, అధ్యక్షుడు లిండన్ జాన్సనుకు కోరినంత యుద్ధాధికారము నొసంగెను. కాదన్న యిద్దరు ఆరిగన్ సెనేటరు వేన్ మోర్సును, అలాస్కా సెనేటరు ఎర్నెస్టు గ్రూనింగును. 1968లో ఇద్దరును పదవులు పోగొట్టుకొనిరి. వారి మాట నిజమని లోకము ఒప్పుకొను నాటికి ఆ మాట చెప్పుటకు సభలో వారికి పీఠము లేకపోయెను.

మక్నమారాకు సందేహ మెప్పుడు కలిగెను? ఈ ప్రశ్నకు సమాధానము ఆయన వ్రాసిన కాగితములలోనే యున్నది. 1965 నవంబరు 2వ తేదీన నార్మన్ మారిసన్ అను క్వేకరు మతస్థుడు, 31 ఏండ్లవాడు, యుద్ధమునకు నిరసనగా మంత్రి కార్యాలయపు కిటికీకి కనుచూపు దూరమున ఒడలికి నిప్పంటించుకొని మరణించెను. ఆ మృతి తన్నెంత కలచివేసినదియు మంత్రి 30 ఏండ్ల తరువాత వ్రాసెను. అదే నెల 30వ తేదీన ఆయన అధ్యక్షునకు సమర్పించిన నివేదికలో, సేనానులు కోరినంత సైన్యమును పంపినను విజయము నిశ్చయము కాదనియు, అమెరికా సైనికుల మరణములు నెలకు 1,000కి చేరవచ్చుననియు స్పష్టముగా తెలియజేసెను. తెలియజేసి, సైన్యమును పంపుమనియే సలహా యిచ్చెను! నెలకు వేయిమంది చచ్చెదరు, గెలుపు నమ్మకము లేదు, అయినను పంపుము. ఇది అజ్ఞానము కాదు. తెలిసి చేసిన పని.

1967 చివరకు వియత్నాములో అమెరికా సైన్యము 4,85,000 దాటెను. ఆ సంవత్సరము నవంబరు 1వ తేదీన మక్నమారా అధ్యక్షునకు మఱియొక రహస్యపత్రము నంపెను. సైన్యమును ఇక పెంచవలదు, ఉత్తరమున బాంబులు వేయుట నిలుపుము, పోరాట భారమును క్రమముగా దక్షిణ వియత్నాము వారికే అప్పగింపుము అని దాని సారము. అధ్యక్షుడు దానికి ప్రత్యుత్తర మీయలేదు. నెల తిరుగకముందే మంత్రిగారు ప్రపంచ బాంకు అధ్యక్షపీఠమునకు పోవుచున్నారని ప్రకటన వెలువడెను. 1968 ఫిబ్రవరిలో రాజధానిలో ఘనమైన వీడ్కోలు సభ జరిగెను. జాతి యీయగల గొప్ప పతకమును అధ్యక్షుడు ఆయనకు బహూకరించెను. ఆయన ఆ పతకమును స్వీకరించి, నోరు మూసికొని, కొత్త పీఠమునకు పోయి, అచట 1981 వఱకు కూర్చుండెను.

ఇచట లెక్కలు వేయుట యుచితము. లెక్కలయం దభిమానము గల మంత్రికి లెక్కలతోనే సమాధానము చెప్పవలయును గదా. ఆ యుద్ధమున మరణించిన అమెరికనులు 58,000 పైచిలుకు. 1967 తుదికి మరణించినవారు ఇంచుమించు 20,000. తక్కినవారందఱును, అనగా సగమునకు మించినవారు, మంత్రిగారి సందేహము కాగితముపై కెక్కి, ఆ కాగితము బీరువాలో చేరి తాళము పడిన తరువాత చచ్చిరి. 1968 ఒక్క సంవత్సరములోనే 16,000 మందికి పైగా నేలకూలిరి. ఇక వియత్నాము ప్రజల మాట. 1995 ఏప్రిలులో ఆ దేశ ప్రభుత్వము ప్రకటించిన లెక్కనుబట్టి యుద్ధములో పోరాడి చచ్చినవారు 11 లక్షలు. ఆయుధము పట్టని సామాన్య జనులు ఇంచుమించు 20 లక్షలు.

ఆ ఏప్రిలు నెలలోనే మక్నమారా గ్రంథము వెలువడెను. దాని పేరు "ఇన్ రెట్రోస్పెక్టు". మన భాషలో సింహావలోకనము. అందులో ఆయన తానును తన సహచరులును ఘోరమైన తప్పు చేసితిమని ఒప్పుకొనెను. శత్రువును తెలిసికొనలేదనియు, వియత్నాము జనుల దేశాభిమానమును తక్కువగా అంచనా వేసితిమనియు, మూలప్రశ్నలను తమలో తాము చర్చించుకొననే లేదనియు వ్రాసెను. గ్రంథము విస్తారముగా అమ్ముడుపోయెను. కాని ఆయన యెదురుచూచిన క్షమ దొరకలేదు. న్యూయార్కు టైమ్సు పత్రిక తన సంపాదకీయములో ఆయనను తీవ్రముగా గర్హించెను. కుమారులను పోగొట్టుకొన్నవారికిని, కాలుసేతులు పోగొట్టుకొని తిరిగివచ్చినవారికిని ఆ గ్రంథము పుండుమీద కారము చల్లినట్లయ్యెను. తమ బిడ్డలు చచ్చిన యుద్ధమును దాని కర్తయే నమ్మలేదని వారు తెలిసికొనిరి గదా!

మౌనమునకు ఆయన చెప్పిన కారణములను న్యాయముగా వినవలయును. మంత్రి అధ్యక్షునకు విధేయుడు, అధ్యక్షుని విశ్వాసమును భంగపఱుపరాదు అనునది మొదటిది. సైనికులు రణరంగమున నుండగా మాజీ రక్షణమంత్రి యుద్ధమును తప్పుపట్టినచో శత్రువునకు బలము చేకూరును అనునది రెండవది. రెండును వినుటకు సొంపుగానే యున్నవి. కాని అమెరికా మంత్రి ప్రమాణము చేయునది రాజ్యాంగమునకు. అధ్యక్షుని వ్యక్తికి కాదు. రెండవ కారణమునకు 1975 ఏప్రిలు 30వ తేదీతో గడువు తీరినది. ఆ దినమున సైగాను పట్టణము పడిపోయి, రణరంగమే లేకపోయెను. బాంకు పీఠమునందున్నవారు రాజకీయములు మాటాడరాదందురేమో. ఆ పీఠమును సైతము 1981లో వీడిరి. అటుపిమ్మట మఱి 14 సంవత్సరములు నోటికి అడ్డమైన దేమి?

మౌనము పదవీధర్మమే యైనచో ఆయన తరువాత అదే పీఠమున కూర్చుండిన క్లార్కు క్లిఫర్డు దానిని పాటింపవలసినది. క్లిఫర్డు 1969 జనవరిలో పదవి వీడెను. ఆ జులైలోనే ఒక ప్రముఖపత్రికలో వ్యాసము వ్రాసి, 1970 తుదికి పదాతిదళములను మరలింపవలెనని గడువు సహితముగా కోరెను. ఆరు నెలల వ్యవధి! ఒకే పీఠము, ఒకే ప్రమాణము, ఒకే యుద్ధము. ఒకరికి ఆరు నెలలలో పలికిన నాలుక మఱియొకరికి 27 ఏండ్లు పలుకలేదు.

ఇంతకంటె విచిత్రమైన దొకటి కలదు. యుద్ధ మెట్లు పెరిగినదో రహస్యముగా పరిశోధించి గ్రంథస్థము చేయుడని 1967లో ఆజ్ఞాపించినవాడు మక్నమారాయే. అది 47 సంపుటములు, ఇంచుమించు 7,000 పుటలు. ఆ పరిశోధనలో పాల్గొన్న డేనియల్ ఎల్స్బర్గు తానును మొదట యుద్ధమును సమర్థించినవాడే, రక్షణశాఖలో కొలువు చేసినవాడే. ప్రభుత్వము ప్రజలతో చెప్పినది వేఱు, లోపల వ్రాసికొన్నది వేఱు అని చూచి, ఆ పుటలను నకలు తీసి పత్రికల కిచ్చెను. 1971 జూన్ 13వ తేదీన ప్రచురణ మొదలయ్యెను. ప్రభుత్వము నిషేధము కోరగా సర్వోన్నత న్యాయస్థానము 6కి 3 తీర్పుతో ప్రచురణహక్కును నిలిపెను. ఎల్స్బర్గుపై మోపిన నేరములకు మొత్తము 115 ఏండ్ల వఱకు శిక్ష పడవచ్చునని అంచనా. ప్రభుత్వము చేసిన అక్రమములు బయటపడి 1973లో ఆ వ్యాజ్యము కొట్టివేయబడెను. యజమాని వ్రాయించి బీరువాలో దాచిన దస్త్రమును, చెఱసాలకు సిద్ధపడి గుమాస్తా వెలుపలికి తెచ్చెను. 1995 నాటి గ్రంథములో నున్న నిజమునకును 1971 నాటి యీ పుటలలోని నిజమునకును సారమున గొప్ప భేదము లేదు. భేద మంతయు తేదీలో నున్నది. ఆ తేదీన దానికి చెల్లింపవలసిన వెలలో నున్నది.

ఇది అమెరికా వారికే పుట్టిన జాడ్యమని తలపరాదు. 1917లో పాషెండేలు బురదలో బ్రిటిషు సైన్యము మాసముల తరబడి నలిగిపోయినప్పుడు ఇంగ్లండు ప్రధానమంత్రి లాయడ్ జార్జి. ఆ దాడికి ఆయన మంత్రివర్గము సమ్మతి నిచ్చెను. దానిని ఆపు నధికారము ఆయన చేతిలో నుండెను. ఆపలేదు. 1933 మొదలు 1936 వఱకు ఆరు సంపుటములుగా ప్రకటించిన యుద్ధస్మృతులలో ఆ దాడిని వెఱ్ఱిసాహసముగా వర్ణించి, నింద నంతయు సేనాని హెయిగు నెత్తిన పెట్టెను. హెయిగు 1928లోనే మరణించెను. చచ్చినవానిపై వాదము గెలుచుట సులభము.

దీనికి ప్రతిగా మఱియొక ఆంగ్లేయుని చూడుడు. జాన్ మార్లే పేరు మనదేశమున మఱువదగినది కాదు. 1905 నుండి 1910 వఱకు ఇండియా మంత్రిగా నుండి, లాలా లజపతిరాయి, బాలగంగాధర తిలకు మాండలే పంపబడిన కాలమున అధికారము చేసినవాడు. ఆ విషయమున ఆయనకు మేము మన్నన చూపజాలము. కాని 1914 ఆగస్టులో బ్రిటను యుద్ధమున దిగినప్పుడు, తన కది సమ్మతము కాదని, జాన్ బరన్సుతో పాటు మంత్రిపదవిని వదలి ఇంటికి పోయెను. వెల చెల్లించెను. అయినను తన కారణములను ప్రజలకు చెప్పలేదు. ఆయన వ్రాసి యుంచిన పత్రము ఆయన మరణించిన 5 ఏండ్లకు, 1928లో అచ్చయ్యెను. సరకునకు వెల యిచ్చి, ఆ సరకును పెట్టెలో పెట్టి తాళము వేసినట్లయ్యెను. పదవిని విడుచుట సగము ధర్మము; ఎందుకు విడిచితినో చెప్పుట తక్కిన సగము.

మక్నమారా గ్రంథము వెలువడిన 8 ఏండ్లకే ఇరాకు యుద్ధము వచ్చెను. పాఠము నేర్చుకొనిరా? 2003 ఫిబ్రవరి 5వ తేదీన ఐక్యరాజ్యసమితిలో, ఇరాకు నొద్ద మహామారణాయుధములు కలవని విదేశాంగమంత్రి కాలిన్ పావెల్ లోకమునకు చెప్పుచుండగా, ఆయన వెనుక కూర్చుండినవాడు గూఢచారిశాఖాధిపతి జార్జి టెనెట్టు. ఆయుధములు దొరకలేదు. 2004 డిసెంబరులో టెనెట్టు గొప్ప పతకమును స్వీకరించెను. 2007లో ఆయన గ్రంథము వెలువడెను; ఇరాకువలన అపాయము నిజముగా ముంచుకొని వచ్చినదా యన్న విషయమున ప్రభుత్వములో గంభీరమైన చర్చయే జరుగలేదని అందులో వ్రాసెను. 2008లో అధ్యక్షుని మాజీ పత్రికా కార్యదర్శి స్కాటు మెక్లెల్లను తన గ్రంథమున, యుద్ధమును ప్రచారముతో ప్రజలకు అంటగట్టిరని వ్రాసెను. దినదినము విలేఖరుల యెదుట నిలిచి ఆ ప్రచారమును వినిపించిన నోరు ఆయనదే. అప్పటికి ఇరాకులో చచ్చిన అమెరికను సైనికులు 4,000 దాటిరి. ఇరాకీయుల మరణములు అంతకు ఎన్నోరెట్లు.

అదే యుద్ధమున గడువులోగా పలికినవారు లేకపోలేదు. 2003 మార్చి 17వ తేదీన, యుద్ధమునకు అనుమతి నిచ్చు వోటుకు ముందుదినమున, బ్రిటిషు మంత్రి రాబిన్ కుక్ రాజీనామా చేసి, కారణములను కామన్సు సభలో నిలిచి ప్రకటించెను. అమెరికా రాయబారశాఖలో జాన్ బ్రేడీ కీస్లింగు, జాన్ బ్రౌన్, ఆన్ రైట్ అను మువ్వురు బాంబులు పడకమునుపో పడుచుండగనో కొలువులు వదలిరి. వీరిపేర్లు మనలో ఎందఱికి తెలియును? పతకములు వచ్చినవారి పేర్లు అందఱికిని తెలియును. గడువులోగా పలికినవారు యుద్ధము నాపలేకపోయిరి, నిజమే. కాని తమ చేతులకు నెత్తురు అంటనీయలేదు. తెలిసికొనవలెనన్నవారికి ఆనాడే తెలిసికొను వీలు కల్పించిరి.

ఆలస్యముగానైనను నిజము పలికినవారిని ఇంతగా నొవ్వనాడినచో రేపు పలుకబోవువారు జంకి మానుకొందురేమో యని పెద్దలు కొందఱు శంకింపవచ్చును. ఈ శంకలో సారము లేకపోలేదు. మక్నమారా సహచరులలో పెక్కుమంది తుదివఱకు తప్పు ఒప్పుకొనలేదు. తామే సరి యని వాదించుచు చచ్చిరి. వారికంటె ఈయన మేలు. 1995 నవంబరులో ఈయన హనాయి నగరమునకు పోయి, ఒకనాటి ప్రతిపక్ష సేనాని జియాపుతో ముఖాముఖిగా కూర్చుండి ఆ టాంకిన్ రాత్రిని గూర్చి ప్రశ్నించెను. ఇది అందఱును చేయగల పని కాదు. చరిత్రకారులకు ఆ గ్రంథము అక్కరకు వచ్చును. కావున తగులబెట్టుమని మేము చెప్పము; చదువుడనియే చెప్పుదుము. సాక్ష్యముగా చదువుడు; పుణ్యకథగా చదువవలదు.

ఈ విషయమున మన భారతమునకు మించిన కొలమానము మాకు కనబడదు. ద్యూతసభలో ద్రౌపది న్యాయమడిగినప్పుడు భీష్ముడు ధర్మము సూక్ష్మమైనదని తప్పించుకొనెను. విదురుడు పలికెను. చిన్నవాడైన వికర్ణుడు పలికెను. తరువాత యుద్ధమునకు ముందు విదురుడు ధనుస్సును వాకిట విడిచి తీర్థయాత్రకు వెడలెనని భాగవతము చెప్పును. ధృతరాష్ట్రుని కుమారుడే యైన యుయుత్సుడు, శంఖములు మ్రోగు వేళ, ఉభయసైన్యములు చూచుచుండగా అన్నలను విడిచి పాండవుల పక్షమునకు నడచివచ్చెను. భీష్ముడో పది దినములు అధర్మపక్షమున పోరి, పడిపోయి, అంపశయ్యపై నుండి ధర్మజునకు ధర్మములన్నియు బోధించెను. ఆ బోధ జరుగుచుండగా ద్రౌపది నవ్వినదనియు, ఈ ధర్మ మంతయు ఆనాడు సభలో ఏమైపోయినదని యడిగినదనియు పురాణము చెప్పువారు ఒక కథ చెప్పుచుందురు. వీరగ్రంథకర్తల స్మృతులు చదువునప్పుడు మాకు ఆ నవ్వే వినబడును. అయినను భీష్మునితో వీరిని పోల్చుట భీష్మునకు అన్యాయమే. ఆయన తన చావునకు మార్గమును తానే శత్రువులకు చెప్పి, ఒడలినిండ బాణములు నాటుకొనిన పిమ్మట గాని బోధకు పూనుకొనలేదు. వీరి దేహములపై నున్నవి పతకములు.

సమర్థులై యుండియు కీడును చూచి ఊరకుండువారి గతి యేమగునో తిక్కన సోమయాజి రాయబార ఘట్టమున కృష్ణునిచే చెప్పించెను. ఆ పద్యము మన పాఠకులకు కంఠస్థమే గనుక ఇచట వ్రాయ నక్కరలేదు.

మన చరిత్రలో సైతము గడువులోగా చెల్లించినవారు కలరు. 1919లో పంజాబున సైనికశాసనపు దారుణములను చూచి, సర్ శంకరన్ నాయరు వైస్రాయి కార్యనిర్వాహకసభలోని తన సభ్యత్వమును ఆ జులైలోనే వదలుకొనెను. అప్పటికి ఆ సభలో భారతీయుడు ఆయన యొక్కడే. తరువాత గాంధీమహాత్ముని మార్గమును ఖండించి గ్రంథము వ్రాసినవాడును ఆయనయే. మాకు ఆ గ్రంథమున సమ్మతి లేదు. కాని అందులోనే ఆయన పంజాబు దురంతములకు గవర్నరు ఓడ్వయరును బాధ్యునిగా చేయగా, ఓడ్వయరు లండనులో దావా తెచ్చి, 1924లో గెలిచెను. నాయరు నష్టపరిహారము చెల్లించెను, క్షమాపణ చెప్పలేదు. ఇక 1939 సెప్టెంబరులో మనల నడుగకయే మనదేశమును యుద్ధమున దింపినప్పుడు, ప్రకాశం పంతులుగారు రెవిన్యూమంత్రిగా నున్న మద్రాసు మంత్రివర్గము అక్టోబరు తుదికే పదవులను వదలెను. ఆ నిర్ణయము రాజకీయముగా లాభమా నష్టమా యన్న వాదము అట్లుండనిండు. సమ్మతము కాని యుద్ధమును అధికారపీఠమున కూర్చుండి నడపి, 30 ఏండ్లకు కన్నీటి గ్రంథము వ్రాయవలసిన దుర్గతి వారికి పట్టలేదు.

కావున ఇట్టి గ్రంథము చేతికి వచ్చినప్పుడు పాఠకులు ముందుగా తేదీలను వెదకవలయునని మా మనవి. గ్రంథకర్తకు నిజము తెలిసిన దినమేది? ఆ దినమున దానిని ఎవరితో చెప్పెను? చెప్పినందులకు ఏమి పోగొట్టుకొనెను? తెలిసిన తేదీకిని చెప్పిన తేదీకిని నడుమ ఎందఱు చచ్చిరో వారే ఆ గ్రంథమునకు అసలైన పీఠిక. కన్నీటి వాక్యములను ఆ పీఠిక ప్రక్క నుంచి చదువవలయును.

ఈ ప్రశ్నల నుండి పత్రికలకు సైతము మినహాయింపు లేదు. ఇరాకు యుద్ధమునకు ముందు తాము ప్రకటించిన వార్తలలో కొన్ని సరిగా పరీక్షింపబడలేదని న్యూయార్కు టైమ్సు 2004 మే 26వ తేదీన ఒప్పుకొనెను. మక్నమారాకు 27 ఏండ్లు పట్టగా వారికి 14 మాసములు పట్టెను. సర్కారు ప్రకటనను ఉన్నదున్నట్లు అచ్చువేయుట సులభము. అది నిజమా యని అడుగుట కష్టము. మేమును ఆ వృత్తిలోనివారమే గనుక ఈ మాట మాకును తగులునని యెఱుగుదుము.

మొదట చెప్పిన న్యాయసూత్రమునకు శేషభాగ మొకటి కలదు. కాలదోషము పట్టిన బాకీని కేవలము ఒప్పుకొనుట వ్యర్థమే. కాని ఆ బాకీదారుడు, పాతబాకీని చెల్లింతునని కొత్తగా వాగ్దానము వ్రాసి సంతకము చేసినచో, 1872 నాటి కాంట్రాక్టు చట్టము 25వ సెక్షను ప్రకారము ఆ వాగ్దానము చెల్లును. ఒప్పుకోలునకు లేని విలువ కొత్త పూచీకి కలదు. వృద్ధ మంత్రులకును ఇదే మార్గము. జరిగినదానికి ఏడ్చుట ఒప్పుకోలు. జరుగుచున్నదానిని ఎదిరించుట కొత్త పూచీ. ఈ కొలతకు మక్నమారా పూర్తిగా తప్పిపోయెనని చెప్పజాలము. అణ్వాయుధమును ముందుగా ప్రయోగింపమని అమెరికా శపథము చేయవలెనని 1982లో మఱి మువ్వురు ప్రముఖులతో కలసి వ్రాసెను. కాని ఇరాకు యుద్ధము తప్పని ఆయన ఒక కెనడా పత్రికతో చెప్పినది 2004 జనవరిలో; అప్పటికి దండయాత్ర మొదలై పది నెలలు. 2009లో ఆయన మరణించెను. చెల్లు కొంత పడినది; బాకీ మిగిలినది.

ఇది దూరదేశపు ముచ్చట కాదని మొదట మనవి చేసితిమి. మనలో యుద్ధమంత్రులు లేరు. కాని పంచాయతీలో, పురపాలకసంఘములో, సహకారసంఘములో, దేవాలయపు ధర్మకర్తల సభలో కూర్చుండువారు పెక్కుమంది యున్నారు. తీర్మానము చదువునప్పుడు అది తప్పని తెలిసి, ప్రక్కవాని మొగము చూచి, పెద్దవారితో విరోధమెందుకని సంతకము చేసి వచ్చి, పదేండ్లకు అరుగుమీద కూర్చుండి "నాకు ఆనాడే తెలియును" అని చెప్పువారు ఏ యూర లేరు? అట్టి మాట వినబడినప్పుడు ఒక్క ప్రశ్న వేయుడు: "ఆనాడు తెలిసినచో, ఆనాటి మినిట్సు పుస్తకములో తమ అసమ్మతి యేది?" మనల మనమును ఆ ప్రశ్నయే వేసికొందము. గడువు ఇంకను దాటని నోట్లు మన ప్రతి యొక్కరి పెట్టెలోను కొన్ని కలవు.